అంకయ్య గారి జ్ఞాపకార్థం మీసాలు

దార్ల అంకయ్య మూడేళ్లపాటు ఒక్క మాట మింగి, ఆ మాటతోనే పోయాడు. ఒంటేలు సరిగ్గా రావట్లేదన్నది ఆ మాట. కొడుకుతో చెప్పలేదు, కోడలు వింటుందని. తమ్ముడితో చెప్పలేదు, టీకొట్లో అనేస్తాడని. డాక్టరుతో చెప్పలేదు, పక్కన నర్సమ్మ నిలబడి ఉందని. చివరికి నడుము నొప్పని మంచం పడితే, ఎక్స్‌రే ఫోటోలు తీసి, ప్రోస్టేట్ గ్రంథిలో పుట్టిన క్యాన్సరు ఎముకల్లోకి పాకిందన్నారు. అప్పటికి చెప్పడానికీ ఏమీ మిగల్లేదు, చెయ్యడానికీ మిగల్లేదు.

పట్నంలో డాక్టరు కొడుకు కోటిలింగాన్ని పక్కకి పిలిచాడు. "మీ ఇంట్లో మగవాళ్లు యాభై దాటాక ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించుకోవాలయ్యా. ఒక్క సూది. ముదరకముందు పట్టుకుంటే మనిషి దక్కుతాడు" అన్నాడు.

కోటిలింగం ఇనుమెళ్లపాడు బ్రాంచి పోస్టుమాస్టరు. వయసు యాభై ఏడు. డాక్టరు మాట శ్రద్ధగా విన్నాడు. డైరీలో రాసుకున్నాడు. కింద గీత కూడా గీశాడు. గీత గీసి పదకొండు నెలలైంది. ఏ పనైనా కాగితం మీద పెడితే సగం అయిపోయినట్టేనని అతని నమ్మకం. మిగతా సగం ఎవరు చేస్తారన్నది ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇంతలో బాబాయి మాలకొండయ్య వరస మారింది. అరవై తొమ్మిదేళ్ల మనిషి, పొగాకు రైతు, ఊళ్లో ఏ కబురైనా ఆయన నోట వింటేనే రుచి. అలాంటివాడు టీకొట్టు బల్ల మీద కూర్చుని కబురు మొదలుపెట్టి, సగంలో లేచి, తుమ్మచెట్ల వెనక్కి పోయి, చాలాసేపటికి వచ్చి, ఎక్కడ ఆపాడో మర్చిపోయి మళ్లీ మొదటినుంచి చెబుతున్నాడు. వినేవాళ్లకి ఒక్కో కబురు మూడేసిసార్లు వినడం అలవాటైంది.

"బాబాయ్, ఒకసారి పట్నం పోయి చూపించుకుందాం" అన్నాడు కోటిలింగం.

"దేనికి?"

కోటిలింగం అటూ ఇటూ చూశాడు. "అదే... దానికి."

"నాకేం లేదురా. నీళ్లెక్కువ తాగుతన్నా."

"నాన్న కూడా అట్టనే అన్నాడు."

మాలకొండయ్య చుట్ట తీసి చేతిలో తిప్పాడు. "ఒక్కణ్ణే పోతే ఊరంతా తెలిసిపోయిద్ది అబ్బాయ్. ఊళ్లో మగాళ్లందరికీ చేసే రోజేదో చెప్పు, వరసలో నిలబడతా. గుంపులో అయితే ఎవడి చెయ్యి ఎవడు చూస్తాడు?"

ఆ మాట కోటిలింగానికి ఎంతో సబబుగా తోచింది. అంత సబబుగా తోచడానికి కారణం వేరే ఉంది. ఈ మధ్య అతను కూడా గంటకోసారి పోస్టాఫీసు తలుపు దగ్గరగా వేసి పెరట్లోకి పోయి వస్తున్నాడు. దానికి 'టీ ఎక్కువైంది' అని పేరు పెట్టుకున్నాడు.

నాన్న సంవత్సరీకం వచ్చే నెల ఇరవై ఆరున. ఆయన జ్ఞాపకార్థం చందాలు వసూలు చేసి, ఊళ్లో యాభై దాటిన ప్రతి మగవాడికీ ఆ పరీక్ష చేయించాలి, ఆ గుంపులో బాబాయి చెయ్యి చాపాలి, బాబాయి వెనక తనూ చాపాలి. ఇంత మంచి ఆలోచన వచ్చాక కోటిలింగం నేరుగా పట్నం పోయి, ఊరికే వచ్చి రక్తం తీసుకునే పరీక్షల బండిని మాట్లాడుకుని రావచ్చు. కాని అతను మూడు ప్రతుల్లో దరఖాస్తు రాసుకుని మండలాఫీసుకి పోయాడు.

అక్కడ పరంజ్యోతిరావు గారు దొరికారు. ఆయన జిల్లా పురుషారోగ్య చైతన్య సమితికి మండల సమన్వయాధికారి. అంతకుముందు మొక్కల పెంపకానికి సమన్వయాధికారిగా చేశారు. పెంచడంలో అనుభవం ఉందని ఇటు మార్చారు.

దరఖాస్తు రెండుసార్లు చదివి ఆయన కళ్లజోడు తీశారు. "మీరు మిక్కిలి అనుకూలమైన సమయంలో వచ్చారు. నవంబరు నెలను మీసాల మాసోత్సవంగా పాటించవలసిందిగా పైనుంచి ఉత్తర్వులు వచ్చి ఉన్నవి. విదేశాలలో పురుషులు ఈ నెలలో మీసము పెంచి, సదరు మీసమును చూపి, ఇట్టి వ్యాధుల నిమిత్తం విరాళాలు సేకరిస్తారట. కావున ఈ నెలలో ఇట్టి వ్యాధికి వచ్చే ఏ విరాళమైనా మీసము ద్వారా మాత్రమే రావలెను."

"మా ఊళ్లో మగాళ్లందరికీ మీసాలు ఉండనే ఉన్నాయి సార్."

పరంజ్యోతిరావు గారు కాసేపు తిరిగే ఫ్యాను వంక చూశారు. "ఉన్న మీసము అడవి వంటిది. దాన్ని మనం పెంచలేదు. మన నివేదికలో చూపాలంటే ముందు నేల చదును చేయాలి."

"అంటే సార్?"

"ఒకటో తారీఖున అందరూ తీయించాలి. సున్నా నుంచి పెరుగుదల నమోదు కావాలి. గ్రామానికి ముప్పై మంది. ముప్పై రోజులు. సగటున ఎనిమిది మిల్లీమీటర్లు దాటిన గ్రామాలలో మొదటిదానికి పరీక్షల బండి పంపబడును."

ఇంకొకడైతే ఇక్కడ దండం పెట్టి లేచి వచ్చేసేవాడు. కోటిలింగం, "ఇదంతా కాగితం మీద ఇస్తారా సార్?" అని అడిగాడు.

ఇచ్చారు. గుండ్రటి ముద్ర కూడా వేశారు. "మరొక విషయం. దరఖాస్తులో ఒక గ్రంథి పేరు రాశారు."

"జబ్బు అదే సార్."

"అయి ఉండవచ్చు. కాని బ్యానరు నడిబజారులో కడతారు. స్త్రీలు, విద్యార్థులు చదువుతారు. 'పురుషుల ఒకానొక ఇబ్బంది' అని వేయించండి. హుందాగా ఉంటుంది."

కోటిలింగం గుండె తేలికపడింది. నిజానికి దరఖాస్తులో ఆ మాట రాసేటప్పుడే అతను అక్షరాలు చిన్నవి చేశాడు.

"చివరిగా, నాలుగో అనుబంధం. ఎవరి గౌరవార్థం జరుపుతున్నారో వారి అంగీకారపత్రం."

"ఆయన పోయారు సార్. అందుకే జ్ఞాపకార్థం."

"చనిపోయిన వారు సంతకం చేయజాలరని సమితికి తెలియును. అట్టి సందర్భంలో వారసుడు నిరభ్యంతరపత్రం రాసి, నిర్వాహకునికి రిజిస్టరు పోస్టులో పంపవలెను."

"వారసుణ్ణి నేనే. నిర్వాహకుణ్ణీ నేనే."

"చాలా మంచిది. అభిప్రాయభేదాలు ఉండవు."

ఆ సాయంత్రం కోటిలింగం తనకి తను ఉత్తరం రాసుకున్నాడు. తనే తీసుకుని, తనే రసీదు చించి, తనకే ఇచ్చుకున్నాడు. ఉత్తరం సంచిలో పడి పట్నం పోయి మూడో రోజుకి తిరిగొచ్చింది. అందినట్టు సంతకం పెట్టి, విప్పి, పూర్తిగా చదివాడు.

"ఎవరు రాశారు?" అంది భార్య శేషారత్నం, గిన్నెలు తోముతూ.

"నేనే."

"ఏం రాశావు?"

"నాకు అభ్యంతరం లేదని."

శేషారత్నం గిన్నె బోర్లించి భర్త మొహం వంక చూసింది. "ఆ ఉత్తరం తిరిగినంత దూరం నువ్వు తిరిగుంటే పరీక్ష అయిపోయి ఇంటికొచ్చేవాడివి" అంది. కోటిలింగం ఆ మాట విననట్టే ఉత్తరాన్ని ఫైల్లో పెట్టాడు.

బ్యానరు లేచింది. ఒక పక్క అంకయ్య ఫోటో, ఒక పక్క సమితి గుర్తు, నడుమ 'కీ.శే. దార్ల అంకయ్య గారి జ్ఞాపకార్థం, పురుషుల ఒకానొక ఇబ్బందిపై సమర శంఖం' అని ఎర్ర అక్షరాలు. ఆ ఇబ్బంది ఏమిటన్నది ఊళ్లో ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకున్నారు. ఎరువుల కొట్టాయన అప్పులనుకున్నాడు. పొగాకు రైతులు ఈ ఏటి ధర అనుకున్నారు. ఆడవాళ్లు మందు అనుకుని, ఇన్నాళ్లకి ఒక మగాడికి బుద్ధి పుట్టిందని చందాలు ధారాళంగా ఇచ్చారు. అడిగినవాళ్లకి కోటిలింగం, "బ్యానరు మీద ఉన్నదేనండీ" అని చెప్పి, మరో ప్రశ్న రాకముందే రసీదు చించేవాడు.

ముప్పైమందిని కూడగట్టడం మాత్రం తేలిక కాలేదు. మీసం తీయాలంటే ఆ ఊళ్లో ఎవరో ఒకరు పోయి ఉండాలి. తండ్రి పోతే కొడుకులు, అన్న పోతే తమ్ముళ్లు పదో రోజున తీస్తారు, ఏడాది నాడు మళ్లీ తీస్తారు. ఉత్తపుణ్యానికి ఎవరు తీస్తారు? రచ్చబండ కాడ అందరూ చేతులు కట్టుకుని నిలబడితే, మాలకొండయ్య పోయి తిరుపాలు ముందు కూర్చున్నాడు.

"మా అన్న పేరు మీద గదా. గొరుగు."

తిరుపాలుది ఊళ్లో ఒకే ఒక సెలూను. సమితి వారు అతనికి ఒక ఉక్కు స్కేలు, మెళ్లో వేసుకునే కార్డు ఇచ్చి 'కొలతల అధికారి' అని నియమించారు. కార్డు మెళ్లో పడ్డాక అతను 'మావా', 'అన్నా' అనడం మానేసి 'తరువాతి వారు' అనడం మొదలుపెట్టాడు. మాలకొండయ్య లేచేసరికి ఆయన సావాసగాళ్లు కూర్చున్నారు. మధ్యాహ్నానికి ఇనుమెళ్లపాడులో ముప్పై పైపెదవులు తెల్లగా బయటపడ్డాయి. పెళ్లాలే కొందరు మొగుళ్లని గుర్తుపట్టలేదు. కోటిలింగం రిజిస్టరులో ముప్పై సున్నాలు వరసగా వేసి, ఇంత చక్కటి వరస తన ఉద్యోగంలో ఎన్నడూ వెయ్యలేదనుకున్నాడు.

మరునాడు పొద్దున రెండు ఆటోల నిండా పక్కూరి జనం దిగారు. అంతా శేషారత్నం పుట్టింటివాళ్లు. చేతుల్లో పూలదండలు. ముందు ఆటోలోంచి ఆమె పిన్ని రత్తమ్మ శోకం పెడుతూ దిగి, వాకిట్లో కూలబడింది.

"ఓలమ్మో, ఎంత పని జరిగిందే! కబురైనా చెయ్యకపోతిరే! బస్సులో చూసినోళ్లు చెప్పారే, ఇనుమెళ్లపాడులో ముసలీముతకా అందరూ మీసాలు తీశారని! ఊరు ఊరంతా తీశారంటే ఎంత పెద్దమడిసి పోయాడే!"

"ఎవరూ పోలా పిన్నీ. లే" అంది శేషారత్నం.

రత్తమ్మ శోకం ఆపింది. కోటిలింగం బోసిమూతి వంక, మాలకొండయ్య బోసిమూతి వంక చూసింది. "పోకుండా ఎట్టా తీశారు?"

"పెంచటానికి తీశారు."

"ఉన్నవి తీసి పెంచుతున్నారా?"

"అవునత్తా. ప్రభుత్వం వారి లెక్క" అన్నాడు కోటిలింగం.

"ఆటోలకి ఇంత పోసి, దండలు కొనుక్కుని వస్తే, ఎవరూ పోలేదంటారేంది నాయనా" అని రత్తమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. తెచ్చిన దండలు తిరిగి తీసుకుపోతే అరిష్టమని, అన్నీ బ్యానరు మీది అంకయ్యకే వేయించింది. వేయించి, కాసేపు ఆ ఫోటో వంక చూస్తూ నిలబడింది. "పోయినేడు అడగలా. అంకయ్యన్న దేంతో పోయాడు నాయనా?"

కోటిలింగం చుట్టూ చూశాడు. ఆటోల నిండా ఆడవాళ్లు. "అదే అత్తా. ఒకానొక ఇబ్బంది."

"పాపం" అంది రత్తమ్మ. ఏం అర్థమయిందో మరి.

పదిహేనో తారీఖున తనిఖీ. పరంజ్యోతిరావు గారు జీపు దిగగానే పాత అలవాటు కొద్దీ, "ఎన్ని నాటారు? ఎన్ని బతికాయి?" అన్నారు. ముప్పై మందిని బడి ఆవరణలో వరసగా నిలబెట్టారు. తిరుపాలు స్కేలు పెట్టి అంకె అరిచాడు, కోటిలింగం రాశాడు. నెరిసిన వెంట్రుకలు కనబడటం లేదని వాటికి రంగు వేయించమన్నారు. పలచగా ఉన్న ఇద్దరికి 'వెనుకబడిన మీసములు' అని వేరే పట్టిక పెట్టారు. మాలకొండయ్య దగ్గరికి వచ్చేసరికి స్కేలు ఆగింది.

"ఆరున్నర!" అన్నాడు తిరుపాలు. సగం నెలకి అది మండలంలోనే ఎక్కువ. రోజూ ఆముదం రాస్తున్నాడు మరి.

పరంజ్యోతిరావు గారు మురిసిపోయారు. "వీరిది మండల నమూనా మీసముగా ప్రకటించడమైనది. ఫోటో తీయాలి. కదలకండి." ఆ తర్వాత ఆయన మీసమునకు, పౌరబాధ్యతకు గల సంబంధం మీద ప్రసంగం ఎత్తుకున్నారు. పది నిమిషాలయింది. మాలకొండయ్య ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారాడు. నుదుటి మీద చెమట పట్టింది. ప్రసంగం మూడో భాగంలో ఉండగా వరస వదిలేసి, పంచె ఎగ్గట్టుకుని, బడి వెనక్కి పరుగెత్తాడు.

"నమూనా ఎటుపోయింది?" అన్నారు పరంజ్యోతిరావు గారు.

కోటిలింగం వెతుక్కుంటూ పోయాడు. బడి వెనక గోడకి ఒక చెయ్యి ఆనించి, తల ఆ చేతికి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడి ఉన్నాడు బాబాయి. అలా చాలాసేపు నిలబడ్డాడు. ఏమీ రావటం లేదు. నాన్న పెరటి గోడకి అచ్చం అలాగే చెయ్యి ఆనించి నిలబడటం కోటిలింగం మూడేళ్లు చూశాడు. చూసి, ముసలాయన గాలికి నిలబడ్డాడని అనుకున్నాడు. అనుకోవడం సుఖంగా ఉండేది.

"బాబాయ్, రేపే పోదాం."

"బండి వచ్చిద్దిగా" అన్నాడు మాలకొండయ్య కళ్లు తెరవకుండానే. "ఇంకో పదైదు రోజులు. వరసలో నిలబడతా అన్నాగా."

కోటిలింగం తిరిగొచ్చి రిజిస్టరులో ఆరున్నర వేశాడు.

ఇరవయ్యో తారీఖున అతనికి గుర్తొచ్చింది. ఇరవై ఆరు నాడు నాన్న ఏడాది. ఆ రోజు తనూ, బాబాయీ మీసాలు తీయాలి. నెలాఖరుకి ఊరి సగటు ఎనిమిది అంచున ఊగేట్టుంది. రెండు సున్నాలు పడితే, అందులో ఒకటి నమూనా మీసం అయితే, బండి రాదు. బండి రాకపోతే బాబాయి రక్తం ఇవ్వడు. మినహాయింపు కోరుతూ మూడు ప్రతులు రాసుకుని మండలాఫీసుకి పరుగెత్తాడు.

"సంవత్సరీకం ఐదు రోజులు వాయిదా వేసుకోండి" అన్నారు పరంజ్యోతిరావు గారు.

"తిథి సార్. మారదు."

"తిథి కూడా తేదీయే కదా. తేదీలు పొడిగించడం మా ఆఫీసులో మామూలే. మీ పురోహితుల వారిని ఒక లేఖ పెట్టుకోమనండి."

"మా నాన్న కోసమే కదా సార్ పెంచింది. ఆయన కోసమే తీస్తామంటే..."

"ఇది వైరుధ్యం. ఒకే వ్యక్తి గౌరవార్థం మీసము పెంచుటకు, తీయుటకు సమితి నిబంధనలలో వీలు లేదు. ఏదో ఒక గౌరవం ఎంచుకోండి."

కోటిలింగం దారంతా ఆలోచించి ఎంచుకున్నాడు. ఇంటికొచ్చి, "మీసంతోనే పిండం పెడతా" అన్నాడు.

శేషారత్నం చేట కింద పెట్టింది. "మావయ్య పేరున పెంచిన మీసం మావయ్య కోసం తియ్యలేవా?"

"తీస్తే బండి రాదే. బండి రాకపోతే బాబాయి పరీక్షకి రాడు."

"బాబాయి రాడా, నువ్వు పోవా?"

దానికి కోటిలింగం దగ్గర జవాబు ఉంది గాని, ఫైల్లో లేదు. అందుకని చెప్పలేదు.

ఇరవై ఆరు పొద్దున వాకిట్లో పీటలు వేశారు. శాస్త్రులు గారు దర్భలు సర్దుకుంటూ కోటిలింగం మూతి వంక చూసి తల దించుకున్నారు. అప్పుడు వీధిలోంచి మాలకొండయ్య వచ్చాడు. తడిబట్టలతో, బోసిమూతితో.

కోటిలింగం నోటి నుంచి ముందు వచ్చిన మాట, "బాబాయ్! సగటు!"

"ఏంది సగటు?" మాలకొండయ్య పీట లాక్కుని కూర్చున్నాడు. "మా అన్న పోయి ఏడాదిరా. ఆముదం రాసిన మీసం పెట్టుకుని ఆయన ముందు కూర్చోమంటావా?"

"బండి రాదు ఇంక."

"రాకపోతే మానె."

"ఒక్కడివే పరీక్షకి పోనంటివి గదా!"

"ఒక్కణ్ణే ఎందుకు పోతా? నువ్వు లేవా?" మాలకొండయ్య గొంతు తగ్గించలేదు. "గంటకోసారి పోస్టాఫీసు తలుపేసి పెరట్లోకి పోతన్నావు. ఉత్తరాలొచ్చే ప్రతోడికీ తెలుసు, పోస్టుమాస్టరు తలుపేస్తే ఎంతసేపు ఎండలో నిలబడాల్నో. టీ తాగితే అట్టా పోతారంటరా?"

శాస్త్రులు గారు దర్భలు మళ్లీ మొదటినుంచి సర్దడం మొదలుపెట్టారు. శేషారత్నం లోపలికి పోయింది. కోటిలింగం లేచి, వాకిలి బయట స్కేలు పట్టుకుని నిలబడి ఉన్న తిరుపాలు దగ్గరికి పోయాడు.

తిరుపాలు మెళ్లో కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు. "కొలతల అధికారిగా నేను ఒప్పుకోను కోటన్నా. కత్తి పట్టినోడిగా అయితే రా, కూర్చో."

పిండాలు పెట్టారు. కాకులు ఆలస్యం చెయ్యకుండానే వచ్చాయి.

ఆ మరునాడే పట్నం పోవాలి. కాని ముప్పయ్యో తారీఖు ముగింపు సభ ఉంది, నిర్వాహకుడు వేదిక మీద ఉండి తీరాలని ఉత్తర్వు. కాబట్టి కోటిలింగం ఇంకో నాలుగు రోజులు ఆగాడు. ఆగడానికి రాతపూర్వకమైన కారణం దొరికినందుకు లోపల కొంచెం సంతోషించాడు కూడా.

సభలో ఇనుమెళ్లపాడు సగటు ఏడున్నర అని చదివారు. మొదటి బహుమతి కప్పు మర్రివేముల అనే ఊరికి పోయింది, పదకొండు మిల్లీమీటర్లతో. పరీక్షల బండి అక్కడికే పంపారు. వసూలైన చందాలు కప్పుకీ, శాలువాలకీ, ఉక్కు స్కేళ్లకీ సరిగ్గా సరిపోయాయని కూడా ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. కోటిలింగమూ కొట్టాడు.

బండి సంగతి రెండు రోజుల తర్వాత తెలిసింది. మీసం జోరుగా పెరిగేది కుర్రాళ్లకని కనిపెట్టి, మర్రివేములవాళ్లు ముప్పై మందినీ పాతికేళ్ల లోపువాళ్లనే దింపారు. గెలిచిన మీసాలకే పరీక్షలని ఒక నిబంధన. యాభై దాటినవారికే పరీక్షలని ఇంకో నిబంధన. బండి వాళ్లు సాయంత్రం దాకా చూసి, ఒక్క సూదీ వాడకుండా వెనక్కి పోయారు. పరంజ్యోతిరావు గారి నివేదిక నకలు కోటిలింగానికి టపాలో వచ్చింది. టీకొట్టు కాడ బాబాయికి చదివి వినిపించాడు.

"'అర్హుడైన పురుషుడు ఒక్కరూ లభ్యం కానందున పరీక్షలు జరుపబడలేదు. ఇబ్బంది గలవారు సున్నా. కావున సదరు ఒకానొక ఇబ్బంది మండలం నుండి పూర్తిగా తొలగినట్లు సగర్వంగా తెలియజేయడమైనది.'"

మాలకొండయ్య వింటూ వింటూ మధ్యలో లేచి తుమ్మచెట్ల వెనక్కి పోయాడు. చాలాసేపటికి వచ్చి బల్ల పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ సున్నాలో నేనుండానంటరా?"

"ఉన్నావు బాబాయ్."

"నువ్వు?"

"నేనూ ఉన్నా."

"పద. పదింటి బస్సుంది."

దరఖాస్తు పెట్టాలి, సెలవు చీటీ రాయాలి, పోస్టాఫీసు తాళం ఎవరికివ్వాలో ఉత్తర్వు లేదు. ఇవన్నీ కోటిలింగం బస్సులో కూర్చున్నాక గుర్తు తెచ్చుకున్నాడు.

పట్నంలో ల్యాబు హాలు కిటకిటలాడుతోంది. బల్లల మీద అన్ని వయసులవాళ్లూ ఉన్నారు, సగం ఆడవాళ్లు. కిటికీ వెనక ఇరవై రెండేళ్ల పిల్ల తలెత్తకుండా, "పేరు? ఏం పరీక్ష?" అంది.

నెల రోజులు ఊరంతా తిరిగి చందాలు వసూలు చేసినవాడు, ముప్పై మంది చేత మీసాలు తీయించినవాడు, కోటిలింగం. పేరు చెప్పాడు. తర్వాత నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. ఆ పిల్ల తలెత్తి చూసింది. వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. కోటిలింగం జేబులోంచి పెన్ను తీశాడు.

"కాగితం ఉంటే ఇయ్యమ్మా. రాసిస్తా."

మాలకొండయ్య అతన్ని భుజంతో పక్కకి నెట్టి కిటికీ చువ్వలు పట్టుకున్నాడు. టీకొట్లో కబురు చెప్పే గొంతుతోనే చెప్పాడు.

"ఒంటేలు సరిగ్గా రావట్లా తల్లీ. మాటిమాటికీ పోవాల, పోతే రాదు. మా అన్న దీంతోనే పోయాడు, క్యాన్సరు. ప్రోస్టేటంట. ముందే చెప్పుంటే బతికేవాడంట, సిగ్గుపడి చెప్పలా. వీడు ఆయన కొడుకు. వీడికీ అట్టనే ఉంది. ఇద్దరికీ ఆ రక్తమేదో చూడు."

బల్లల మీది తలలన్నీ ఇటు తిరిగాయి. కోటిలింగం నేల మీద ఎన్ని పలకలున్నాయో లెక్కపెడుతూ నిలబడ్డాడు. ఆ పిల్ల మాత్రం, "వయసెంత తాతా?" అని రాసుకుంటోంది.

వెనక బల్ల కిర్రుమంది. తెల్లచొక్కా పెద్దాయన ఒకరు, అప్పటిదాకా షుగరు పరీక్ష చీటీ చేతిలో పట్టుకుని కూర్చున్నవాడు, లేచి వచ్చి కోటిలింగం వెనక నిలబడ్డాడు. "నాకూ అదేనమ్మా. రాసుకో" అన్నాడు చిన్నగా. కాసేపటికి బస్సు డ్రైవరు బట్టల్లో ఉన్న ఇంకొకాయన వచ్చాడు. గోడ పక్కన ఒక ముసలామె మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. ఆయన కూడా గొణుక్కుంటూ లేచాడు.

ఆ పిల్ల కిటికీలోంచి తొంగి వరస చూసింది. "ఏంది, ఇయ్యాల ఏమన్నా క్యాంపు పెట్టారా? ఎవరు పెట్టింది?"

కోటిలింగం గొంతు సవరించుకున్నాడు. కీర్తిశేషులు దార్ల అంకయ్య గారి జ్ఞాపకార్థం అని మొదలుపెట్టి, ఈ కార్యక్రమ ఉద్దేశం రెండు ముక్కల్లో వివరించబోయాడు.

"నోరు మూసుకుని చెయ్యి చాపరా" అన్నాడు మాలకొండయ్య.

చాపాడు.